ఎకరం ఇరవై అంటే ఎంత?

1.20 అని రాసి ఉంటే మీరు దాన్ని ఏమని చదువుతారు?

వరంగల్ వైపు మా ఊళ్లో ఎవరిని అడిగినా "ఎకరం ఇరవై గుంటలు" అంటారు. అంటే ఎకరంన్నర. చుక్కకు ఎడమ పక్క ఎకరాలు, కుడి పక్క గుంటలు, నలభై గుంటలైతే ఎకరం. పహాణీలోనూ పాసుబుక్కులోనూ మేం చూస్తూ పెరిగిన రాత ఇదే. అదే 1.20ని గుంటూరు వైపు రైతుకు చూపించండి. "ఎకరం ఇరవై సెంట్లు" అంటాడు. అక్కడ వంద సెంట్లకు ఎకరం. గుంటకు 121 చదరపు గజాలు, సెంటుకు 48.4. లెక్క వేస్తే ఇరవై గుంటలు 2,420 గజాలు, ఇరవై సెంట్లు 968 గజాలు. తేడా 1,452 గజాలు. హనుమకొండలో అంత జాగాలో 200 గజాల ప్లాట్లు ఏడు వస్తాయి.

ఇద్దరూ తెలుగువాళ్లే. ఇద్దరూ సరిగ్గానే చదివారు. ఆ చుక్క దగ్గరే నేను ఉద్యోగంలో చేసిన అతిపెద్ద పొరపాటు ఉంది.

2019లో నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో బిజినెస్ అనలిస్టుగా ఉన్నాను. పాత వరంగల్ జిల్లాలోని ఒక రైతు సహకార సంఘానికి సాఫ్ట్‌వేర్ చేసే పని మాకు వచ్చింది. సభ్యుల పేర్లు, భూములు, తీసుకున్న అప్పులు, ఎకరానికి ఇన్ని అని ఇచ్చే ఎరువు బస్తాలు, అన్నీ రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. నాది ఆ పక్క ఊరే కాబట్టి సంఘం వాళ్లతో కూర్చుని వివరాలు రాసుకొచ్చే పని నాకిచ్చారు. కోడ్ రాసినతను గుంటూరు వైపు అబ్బాయి, పనిమంతుడు. విస్తీర్ణం అన్న గడిని దశాంశ సంఖ్యగా పెట్టాడు. వాళ్ల ఊరి లెక్కలో అది సరైన పనే.

యూరియా లోడు వచ్చిన మొదటి వారంలోనే గొడవ మొదలైంది. ఒక చిన్నమ్మకు రెండు సర్వే నంబర్లలో భూమి ఉంది. ఒకటి 1.20, ఇంకొకటి 0.30. కలిపితే తొంభై గుంటలు, అంటే రెండెకరాల పది గుంటలు. కంప్యూటర్ 1.50 అని చూపించి ఎకరంన్నరకే బస్తాలు లెక్కగట్టింది. తెల్లవారక ముందే వచ్చి చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డ మనిషి ఆమె. "నా భూమి ఏడ పోయింది కొడుకా" అని కౌంటర్ దగ్గర అడుగుతుంటే, సంఘంలో ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న పెద్దాయన స్క్రీన్ వైపు చూసి నాకు ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఎకరం యాభై గుంటలని వస్తున్నది. యాభై గుంటలు ఏడన్న ఉంటయా? నలభైకే ఎకరమైతది గదా."

ఇంకో చోట చివరి సున్నా ఎగిరిపోయి 1.20 కాస్తా 1.2 అయింది. దాన్ని ఆయన ఎకరం రెండు గుంటలని చదివాడు. మూడు రోజులు రిజిస్టర్లు ముందేసుకుని ఒక్కో పేరు సరిచేశాం. చిన్నమ్మకు రావాల్సిన మిగతా బస్తాలు తర్వాతి లోడులో ఇచ్చారు. అప్పటికి ఆమె పొలంలో నాటు పడి ఎన్నాళ్లయిందో అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ గడికి ఆధారమైన రిక్వైర్‌మెంట్, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే వాక్యం, నేను రాసిందే. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని తెలుగులో చెప్తే ఇంతే: "సభ్యుడి భూమి విస్తీర్ణాన్ని వ్యవస్థ నమోదు చేసుకోవాలి." దానికో నంబరు ఉంది. టెంప్లేటులో, అంటే పత్రం నమూనాలో, ఉండాల్సిన చోటే ఉంది. సంఘం తరఫున ఒక సంతకం, కంపెనీ తరఫున ఒక సంతకం ఉన్నాయి. ఆడిట్‌కు ఎవరైనా వచ్చి ఉంటే ఆ పత్రానికి మంచి మార్కులే వేసేవారు.

రిక్వైర్‌మెంట్లు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. ఐఎస్ఓ, ఐఈసీ, ఐఈఈఈ అనే మూడు సంస్థలు కలిసి ప్రచురించే 29148. మొదట 2011లో వచ్చింది, 2018లో సవరించారు. అంతకుముందు లోకమంతా వాడింది ఐఈఈఈ 830. అది 1984 నాటిది, 1998లో చివరిసారి మార్చారు. 29148 వచ్చాక దాని స్థానం దీనికి దక్కింది. అయినా ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టు రిపోర్టుల్లో నాకు ఇప్పటికీ 830 నాటి అధ్యాయాల పేర్లే కనిపిస్తుంటాయి: ప్రయోజనం, పరిధి, నిర్వచనాలు. నా ఫైనల్ ఇయర్ రిపోర్టులోనూ అవే ఉన్నాయి. నిర్వచనాల పేజీలో మేం హెచ్‌టీఎంఎల్ అంటే ఏమిటో, ఎస్‌క్యూఎల్ అంటే ఏమిటో రాశాం. సహకార సంఘం పత్రంలో కూడా ఆ పేజీ ఉంది. అందులో ఏపీఐ ఉంది, ఓటీపీ ఉంది. విస్తీర్ణం లేదు. గుంట లేదు. బస్తా లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ ప్రమాణాల నుంచి మనం టెంప్లేటు తీసుకున్నాం, అవి అడగమన్న ప్రశ్నలు మాత్రం వదిలేశాం. ఆ ప్రశ్నలు అడగాల్సింది మన ఊళ్లలో, మన మాటల్లో.

29148 ఒక్కో రిక్వైర్‌మెంట్‌కు తొమ్మిది లక్షణాలు ఉండాలంటుంది. అవసరమైనదై ఉండటం, ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండటం, చేయగలిగేదై ఉండటం వగైరా. ఎక్కువ భాగం మామూలు తెలివితోనే తోచే విషయాలు. నా వాక్యం పడిపోయింది మూడు చోట్ల. మొదటిది, ఎవరు చదివినా ఒకే అర్థం రావాలి. రెండోది, అర్థం కావడానికి ఇంకెక్కడికో వెళ్లి వెతకాల్సిన పని లేకుండా నిండుగా ఉండాలి. నేను కొలత పేరే రాయలేదు. మూడోది అన్నిటికంటే పెద్దది: అది నెరవేరిందో లేదో పరీక్షించి చూసే దారి ఉండాలి.

ఈ మూడోదాన్ని చాలామంది టెస్టింగ్ టీమ్ సంగతి అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ ఆలోచించండి. రాసే రోజునే నేను పెద్దాయనను "సారూ, ఇది సరిగ్గా పనిచేస్తుందని ఎట్లా చూసుకుందాం?" అని అడిగి ఉంటే ఏమయ్యేది? ఆయన రిజిస్టర్ తీసి ఒక పేరు చూపించేవాడు. ఈమెకు 1.20, 0.30 ఉన్నాయి, మొత్తం 2.10 రావాలి అనేవాడు. అంతే, అక్కడికక్కడే బయటపడేది. 1.20కి 0.30 కలిపితే 2.10 అవుతుందన్న వాక్యం చూసి ఏ డెవలపర్ అయినా ఒక్క క్షణం ఆగుతాడు, అడుగుతాడు. ఆ ప్రశ్నకు పట్టేది రెండు నిమిషాలు. నేను రెండు రోజులు ఆ సంఘం ఆఫీసులో కూర్చుని, చాయ్ తాగి, అందరితో మాట్లాడి, ఒక్క ఉదాహరణ అడగకుండా తిరిగొచ్చాను. గుంటల లెక్క నాకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది కాబట్టి దాన్ని రాయాలని తోచనే లేదు. సొంత ఊరి మనిషిని పంపితే అన్నీ తెలుస్తాయనుకుంటాం గానీ, ఆ ఊరివాళ్లకే కనిపించని సంగతులు కొన్ని ఉంటాయి.

తర్వాత పెద్దాయనతో కూర్చుని మళ్లీ రాశాం. "విస్తీర్ణాన్ని ఎకరాలు, గుంటలు అని రెండు వేర్వేరు పూర్ణసంఖ్యలుగా వ్యవస్థ తీసుకోవాలి. గుంటలు 0 నుంచి 39 లోపే ఉండాలి. మొత్తం కట్టేటప్పుడు ప్రతి 40 గుంటలను ఒక ఎకరంగా మార్చాలి." చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మరి అర గుంట ఉన్నోళ్లు?" అన్నాడు. అన్నదమ్ముల పంపకాల్లో అర గుంటలు, పావు గుంటలు వస్తాయి. పూర్ణసంఖ్య అన్న మాట అక్కడే కొట్టేశాం. నాకు ఆ వాక్యం మీద గౌరవం కలిగింది ఆ క్షణంలోనే. తప్పుగా ఉన్నా, తప్పని చూపించడానికి వీలైన వాక్యం అది. మొదటి వాక్యంలో ఎవరూ తప్పు పట్టలేకపోయారు, ఎందుకంటే పట్టడానికి అందులో ఏమీ లేదు.

ఇక భాష సంగతి. రిక్వైర్‌మెంట్ తెలుగులో రాయడం కుదరదని, ఇంగ్లిష్‌లో ఉండే కచ్చితత్వం రాదని మా వృత్తిలో చాలామంది నమ్మకం. ఇంగ్లిష్‌లో కూడా ఆ కచ్చితత్వం ఊరికే రాలేదు, కూర్చుని కట్టుబాటు చేసుకున్నారు. 29148 ప్రకారం "షల్" అంటే తప్పనిసరి, "షుడ్" అంటే చేస్తే మంచిది, "మే" అంటే చేసుకోవచ్చు, "విల్" అంటే జరగబోయేదాని గురించి చెప్పడం మాత్రమే. "మస్ట్" వాడొద్దంటుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లకు వేరే కట్టుబాటు ఉంది. 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2119లో "మస్ట్", "షల్" రెండూ ఒకటే. అంటే ఇంగ్లిష్‌వాళ్లకూ ఒకే మాటకు రెండు పత్రాల్లో రెండు దారులున్నాయి, ఏ దారిలో నడుస్తున్నామో ముందే చెప్పుకుంటారు. మనమూ చెప్పుకోవచ్చు. "చేయాలి", "చేస్తే మంచిది", "చేయవచ్చు", "చేస్తుంది" అన్న నాలుగూ మనకు రెడీగా ఉన్నాయి.

జాగ్రత్తగా ఉండాల్సిన చోట్లూ ఉన్నాయి. "సెక్రటరీ సంతకం పెట్టాలి" అంటే పెట్టి తీరాలని ఒక అర్థం, ఇంకా పెట్టలేదని ఇంకో అర్థం. మాటల్లో గొంతును బట్టి తెలిసిపోతుంది, కాగితం మీద తెలియదు. ఇంకొకటి, తెలుగులో కర్త లేకుండానే వాక్యం హాయిగా నడుస్తుంది. "రశీదు ఇవ్వాలి." ఎవరు? గుమస్తానా, మెషినా? కర్తను రాసి తీరాలన్నది నేను నాకు పెట్టుకున్న మొదటి నియమం. "దరఖాస్తు పరిశీలించబడును" లాంటి వాక్యం మాత్రం నేను ఎక్కడ కనబడినా ఆపేస్తాను. ఎవరు చూస్తారో, ఎప్పుడు చూస్తారో చెప్పకుండా తప్పించుకునే ఆ "బడును" మనం మాట్లాడే తెలుగులో లేదు. 29148 కూడా ఇంగ్లిష్‌లో అలాంటి వాక్యాలు వద్దనే అంటుంది.

తెలుగు మనకిచ్చే లాభం ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మీటింగ్ మినిట్స్‌లో "వీ విల్ వెరిఫై ద డేటా" అని రాస్తారు. ఆ "వీ" ఎవరు? కంపెనీ వాళ్లు సంఘం అనుకుంటారు, సంఘం వాళ్లు కంపెనీ అనుకుంటారు, చివరికి ఎవరూ చూడరు. అదే తెలుగులో అయితే "మేము చూస్తాం" అనాలి, లేదా "మనం చూద్దాం" అనాలి. నోరు తెరిస్తే చాలు, ఎదుటివాడు ఆ పనిలో ఉన్నాడో లేడో తేలిపోతుంది. నేను ఇప్పుడు మినిట్స్ మొదట తెలుగులోనే రాసుకుంటాను. ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ప్రతి "మనం" దగ్గర ఆగి ఇద్దరి పేర్లూ రాస్తాను. ఈ ఒక్క అలవాటు నాకు ఎన్ని గొడవలు తప్పించిందో చెప్పలేను.

ఇదంతా చెప్తే తోటివాళ్లు అనే మాట నాకు తెలుసు. "అక్కా, ఇప్పుడంతా ఎజైల్. ఇంతింత పత్రాలు ఎవరు రాస్తున్నారు?" ఎజైల్ అంటే చిన్న చిన్న విడతల్లో సాఫ్ట్‌వేర్ చేసే పద్ధతి. 2001 నాటి ఎజైల్ మ్యానిఫెస్టో సమగ్రమైన పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ ఇస్తామన్నది. పత్రాలకు విలువ లేదని అనలేదు, ఉందనే అదే పేజీలో రాశారు. పైగా ఎజైల్‌లో వాడేవాళ్ల అవసరాన్ని రెండు ముక్కల్లో చెప్పే యూజర్ స్టోరీ కింద, పని పూర్తయిందని ఎప్పుడు ఒప్పుకోవాలో చెప్తూ మనం రాసే యాక్సెప్టెన్స్ క్రైటీరియా ఏమిటి? పరీక్షించి చూసే దారి చెప్పమన్న పాత కోరికే కదా. 29148ని కూడా అక్షరం పొల్లు పోకుండా పాటించక్కర్లేదు, పనికి తగ్గట్టు కుదించుకోవచ్చని అందులోనే వీలిచ్చారు. నా వాక్యం స్టికీ నోటు మీద ఉన్నా అరవై పేజీల పత్రంలో ఉన్నా చిన్నమ్మకు బస్తాలు తక్కువే వచ్చేవి.

ఇంకో అభ్యంతరం ఉంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఈ ప్రమాణాలు కొనుక్కోవాలి. ఐఎస్ఓ వాటిని స్విస్ ఫ్రాంకుల్లో అమ్ముతుంది. వరంగల్‌లో డిగ్రీ చదువుతున్న పిల్లలు ఆ ధర పెట్టి కొనలేరు. అందరూ పాటించాలనుకునేదాన్ని కొందరే చదవగలిగేలా పెట్టడం అన్యాయమని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఈలోపు చేయగలిగింది కొంత ఉంది. ఐఎస్ఓ సైట్‌లో ప్రతి ప్రమాణం పరిధి, అందులోని పదాల నిర్వచనాలు ఉచితంగా చదవొచ్చు. ఆర్ఎఫ్‌సీ 2119 మొత్తం ఉచితమే, రెండు మూడు పేజీలు, పావుగంటలో అయిపోతుంది. మొదట అది చదవమని నేను జూనియర్లకు చెప్తాను. మా వృత్తి సంఘం ఐఐబీఏ గైడు కంటే ముందు కూడా.

ఇప్పుడు నేను హనుమకొండ నుంచే పనిచేస్తున్నాను. ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘానికి మిర్చి కొనుగోలు లెక్కల పని నడుస్తోంది. వాళ్లు పంపిన మొదటి కాగితంలో "యాప్ యూజర్ ఫ్రెండ్లీగా, ఫాస్ట్‌గా ఉండాలి" అని ఉంది. "యూజర్ ఫ్రెండ్లీ" అన్నది 29148 వాడొద్దని చెప్పే మాటల్లో ఒకటి, "వీలైతే", "తగిన విధంగా" లాంటివి కూడా ఆ పట్టికలో ఉంటాయి. కానీ ఆ మాట రాసినవాళ్లను తప్పుపట్టి పంపేస్తే లాభం లేదు. వాళ్ల మనసులో ఏదో ఉంది, దాన్ని బయటికి తేవాలి. ఇక్కడ నాకు పనికొచ్చింది 9241-210 అనే ఇంకో ప్రమాణం. వాడే మనిషి ఎవరు, ఏ పని మీద ఉన్నాడు, ఏ పరిసరాల్లో ఉన్నాడు, అది తెలుసుకోకుండా డిజైన్ మొదలుపెట్టొద్దని దాని సారం.

అందుకని మార్చి నెలలో ఒక పొద్దున వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లాను. సీజన్ మీదుంది, ఎటు చూసినా ఎర్రటి బస్తాలు. గాలి పీలిస్తే దగ్గు. కాంటా దగ్గర తూకం రాసుకునే అబ్బాయి ముక్కుకు టవల్ కట్టుకుని ఉన్నాడు. ఒక చేత్తో బస్తా మీద నంబరు రాస్తున్నాడు, ఇంకో చేతిలో ఫోను. స్క్రీన్ మీద కారం దుమ్ము. ఎండలో స్క్రీన్ మీది అక్షరాలు నాకే కనిపించలేదు. కంటికి చేయి తగలకుండా మోచేత్తో చెమట తుడుచుకుంటున్నాడు. అతను ఒక బస్తా తూచి రాసి ఇంకో బస్తాకు తిరిగే లోపు హమాలీలు మూడోది ఎత్తేస్తున్నారు. "ఫాస్ట్" అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఇంటికొచ్చి ఇలా రాశాను: "ఎండలో, ఒక్క చేత్తో, కీబోర్డు తెరవకుండా గుమస్తా ఒక బస్తా తూకాన్ని 5 సెకన్లలో నమోదు చేయగలగాలి." సంఘం అధ్యక్షురాలు చదివి, "మేం చెప్పింది గిదే" అన్నది.

సాఫ్ట్‌వేర్ నాణ్యత లక్షణాలకు పేర్లు పెట్టిన 25010 అనే ప్రమాణం కూడా ఉంది. 2011లో ఎనిమిది ఉండేవి, 2023 సవరణలో సేఫ్టీని చేర్చి తొమ్మిది చేశారు. ఏదైనా మరిచిపోయామా అని చివర్లో ఒకసారి సరిచూసుకోవడానికి వాడతాను, అంతకుమించి కాదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం నేను ఇప్పుడు పెడుతున్నది నిర్వచనాల పేజీ మీదే. ఏపీఐ, ఓటీపీ తీసేశాను. మొదటి మాట "చపాట". 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిర్చి. కొందరు రైతులు దాన్ని టమాటా మిర్చి అంటారు. రెండు పేర్లతో రెండు వరుసలు వస్తే ధరల సగటు పాడవుతుంది కాబట్టి రెండూ ఒకటేనని రాశాం. "తాలు", అంటే నాసిరకం కాయ, ఎవరు తేలుస్తారు, ఎప్పుడు తేలుస్తారు అన్నదానికి ఒక మధ్యాహ్నం పట్టింది. "బస్తా" ఇంకా కష్టం. వడ్ల కొనుగోలు కేంద్రంలో బస్తా అంటే 40 కిలోలు, మా బాపు లెక్కలో 75. మిర్చి బస్తా ఎంత బరువుండాలని ఎవరూ అనరు, ఎంత తూగితే అంత. కాబట్టి మా పత్రంలో బస్తా కొలత కాదు, ఒక వస్తువు మాత్రమే అని రాసి, బరువు ఎప్పుడూ కిలోల్లోనే ఉండాలన్నాం.

ఆగిపోయింది "తరుగు" దగ్గర, అంటే తూకంలోంచి తీసేసే బరువు దగ్గర. ఖాళీ సంచి బరువు తరుగులో కలుస్తుందని అధ్యక్షురాలు అంటున్నది. అది వేరే, తరుగు వేరే అని గుమస్తా అంటున్నాడు. ఇద్దరినీ ఒక్కో పాత తక్‌పట్టీ (మార్కెట్‌లో ఇచ్చే అమ్మకం చీటీ) తెమ్మన్నాను. సోమవారం పొద్దున వాటిని పట్టుకుని ముగ్గురం కాంటా దగ్గరికే పోతున్నాం. ఒక బస్తా తూచి, విప్పి, సంచి ఒక్కటే మళ్లీ తూచి చూస్తాం.